స్లాగ్ వెలుగులో తీసిన ఫొటో

నిప్పుకణికలా మెరిసిన ఆ సునేలా రాయి ఫొటో మా ఆవిడ తీసిందని టాటానగర్‌లోని మా భుయ్యాడీహ్ పేటలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. కాదు. నేను తీశాను.

మేం ఆన్‌లైన్‌లో విడి రంగురాళ్ళు అమ్ముతాం. జైపూర్ నుంచి రాళ్ళు తెప్పించడం, బేరాలాడడం నా పని. ఫొటోలు ఆవిడవి. పొద్దున్న పదింటికి మేడమీద, నీళ్ళ ట్యాంకు నీడలో, బోర్లించిన తెల్ల పింగాణీ పళ్ళెం మీద రాయి పెట్టి తీసేది. ఫిల్టర్ల జోలికి పోయేది కాదు. "రాయి ఎలాగుందో అలాగే కనపడాల. ముస్తాబు సెయ్యడానికి అదేటి పెళ్ళికూతురా?" అనేది.

ఓ సాయంత్రం ఆవిడ స్టేషన్ దగ్గరున్న చెల్లెలింటికి వెళ్ళింది. నేను పసుపుపచ్చ సునేలా ఒకటి పట్టుకుని మేడెక్కాను. అప్పుడే ఉక్కు ప్లాంటులో స్లాగ్ పారబోశారు. ఫర్నేసులో మిగిలిన ఆ కరిగిన మడ్డి జారితే మా ఆకాశం కాసేపు నారింజరంగుకి తిరుగుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆరోజు నా వేళ్ళ మధ్య రాయి భగ్గుమంది. ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టేశాను. అన్నం తినేలోపే అమ్ముడుపోయింది. నన్ను మించిన ఫొటోగ్రాఫరు లేడనిపించింది.

కొన్నది మాంగో అనే పేటలో ఉండే రిటైరైన టీచరమ్మ, మా చర్చి ఆవిడే. వారం తిరక్కుండా ఆటో దిగి వచ్చి, రాయి బల్లమీద పెట్టింది.

"ఏటయ్యా ఇది? మామిడిపండు సూపించి నిమ్మకాయ పంపినారు!"

"మా ఆవిడ తీసిందండీ. సరిగ్గా చూసుకోలేదు" అనేశాను.

నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో! మా ఆవిడ టీ కప్పులతో గుమ్మంలోనే ఉంది. కప్పులు బల్లమీద పెట్టి లోపలికెళ్ళింది. మర్నాడు ఫోను నా వైపు తోసి, "ఇంక మీరే తీసుకోండి" అంది. చర్చిలో ఆడవాళ్ళు ఆవిణ్ణి "నిమ్మకాయ" అనడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. నేనూ నవ్వేవాణ్ణి. అది తలుచుకుంటేనే ఇప్పటికీ సిగ్గు.

ఏడాది తిరిగాక టీచరమ్మ మళ్ళీ వచ్చింది. రాంచీలో ఉన్న మనవరాలికి పచ్చరాయి కావాలిట, ముందు ఫొటో పంపాలిట.

"ఫొటో మాత్రం నువ్వే తియ్యవయ్యా. మీ నిమ్మకాయకి ఇవ్వకు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"అమ్మా, ఆ ఫొటో తీసింది నేను. స్లాగ్ వెలుగులో తీసి, ఆవిడ మీదకి తోసేశాను."

టీచరమ్మ ఏదో అనేలోపే మా ఆవిడ ఫోనుతో వచ్చింది. ఆ ఫొటో దాచుకుందిట. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. రాయిని పట్టుకున్న బొటనవేలు, చిన్నప్పుడు తలుపు సందులో పడి రెండుగా చీలిన గోరు. నాదే.

"ఇంత బొటనేలు ఊరందరికీ సూపించి నా పేరు సెప్పినారు. ఎవలైనా కనిపెడతారేమోనని యేడాది సూసినాను. ఒక్కలూ సూడనేదు!"

టీచరమ్మ నా చెయ్యి లాక్కుని గోరు చూసి, టీ ఒలికిపోయేలా నవ్వింది. "పరీచ్చల్లో ఎంతమంది కాపీలు పట్టినాను! ఇది పట్టనేకపోనాను!" మా ఆవిడ గడ్డం పట్టుకుని, "తప్పైపోనాదమ్మా. ఆదివారం అందరి ముందూ నేనే సెప్తాను. నిమ్మకాయ ఈడు" అంది. మా ఆవిడ కూడా నవ్వింది, ఈసారి పళ్ళన్నీ కనపడేలా.

టీచరమ్మ చెప్పింది చర్చివాళ్ళకే. మిగతావాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

టీచరమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు పదింటికి మేడమీద తెల్ల పళ్ళెం బోర్లించి ఉంది. పచ్చరాయి అందించి, చూద్దామని పక్కనే నిలబడ్డాను.

"జరగండి, మీ నీడ పడతంది" అంది ఫోనులోంచి కళ్ళు తీయకుండా.

సంతోషంగా జరిగాను.