చెంచాకు నేను వేసిన ముడి

ఆ శని, ఆదివారాల్లో నేను చేసిన తప్పులు రెండు. మరొకరు వేసిన ముడిని ఆయనకు చెప్పకుండా కోసేసి నా ముడి వేశాను. అది జారిపోయి, ఆయన నలుగురిలో మాట పడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. మొదటిది తెలివితక్కువతనం, రెండోది పిరికితనం. మొదటిదానికి ఇప్పుడు నవ్వొస్తుంది. రెండోదానికి రాదు.

తొంభైల మొదట్లో నేను యూనివర్సిటీలో ఫిజిక్సులో పరిశోధన చేస్తూ, తార్నాకలో ఒక మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. మాది అనంతపురం వైపు. చేపను కంచంలో చూడటమే గాని నీళ్లలో చూసింది లేదు. మా డిపార్ట్‌మెంటు వర్క్‌షాపు మెకానిక్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అంటూనే నువ్వు అనేవాడు. ఇల్లు గోల్నాకలో. ఆయన మామ మాత్రం ఘట్‌కేసర్ దారిలో ఒక చెరువును నమ్ముకుని బతికే మనిషి.

ఏటా ఎండలు ముదరకముందు ఆ చెరువులో పెద్ద వల లాగేవారు. ఆ రోజు అల్లుళ్లను పిలిచి వల తాడు చేతికివ్వడం అక్కడి మర్యాద. మా అన్నకు పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా ఆ తాడు దక్కలేదు. "స్క్రూలు తిప్పెటోనికి తాడెందుకు? నీ అంతట నువ్వు ఒక్క చేపను తీసి చూపియ్, అప్పుడు పట్టుదువు" అనేవాడట మామ. అన్న నవ్వుతూనే చెప్పేవాడు గాని, చెబుతున్నంతసేపూ చేతిలోని ఆకురాయి కదిలేది కాదు.

ఆ ఏడు పంతం పట్టాడు. చలిదేశాల్లో సాల్మన్ చేపను ఎలా పడతారో ఒక పాత పత్రికలో బొమ్మలు చూశాడు. పడవ మెల్లగా సాగుతుంటే వెనకాల దారానికి మెరిసే రేకు కట్టి లాగుతారు. పారిపోతున్న చిన్న చేప అనుకుని పెద్దది వెంటపడి మింగుతుంది.

"మన దగ్గర సాల్మన్ లేదు కదన్నా?"

"గాడ సాల్మన్, గీడ వాలుగ. ఆకలి రెండిటికి ఒక్కటే గద సారూ!"

నెల రోజులు మా మధ్యాహ్నాలన్నీ దానికే పోయాయి. నా జీవితంలో అంత సంతోషంగా మరే పనీ చేయలేదు, నా పరిశోధనతో సహా. రెండు లారీ ట్యూబులు గాలి కొట్టి పక్కపక్కన కట్టాం. పరికరాలు వచ్చిన పెట్టెల చెక్కలు విప్పి పైన బిగించాం. కెమిస్ట్రీ ల్యాబులో గాజు గొట్టాలను పట్టి ఉంచే ఇనుప క్లాంపు ఒకటి అడిగి తెచ్చి వెనక అంచుకు బిగిస్తే, వెదురు గడ నిలబెట్టే చోటు తయారైంది. గడ కొసకు గజ్జె కట్టాం, చేప లాగితే మోగేలా. మెరిసే రేకు కోసం హాస్టల్ మెస్సులో పారేసే స్టీలు చెంచాకు కాడ కోసి, సుత్తితో కాస్త వంచి, రెండు కొసలా బెజ్జాలు పెట్టి, ఒకదానికి గాలం, ఒకదానికి నైలాను దారం.

చెంచా సరిగా ఈదుతుందో లేదో వర్క్‌షాపు వెనక నీళ్ల తొట్టిలో చూశాం. నేను దారం పట్టుకుని తొట్టి పక్కన నడవాలి, అన్న నీళ్లలోకి చూడాలి. గబగబా నడిస్తే గిరగిర తిరిగేది, ఆగితే మునిగేది.

"ఉరకకు సారూ! పెండ్లికొడుకు నడిచినట్టు నడువు."

అటెండరు కిటికీలోంచి తల పెట్టాడు. "ఏందన్నా, చెంచాకు ఈత నేర్పుతున్నరా?"

"దానికి ఈత అచ్చింది. ఇగ నీదే నంబరు, దిగు!"

చివరికి చెంచా అటూఇటూ ఒయ్యారంగా ఊగింది. అన్న ఈల వేశాడు.

శనివారం సాయంత్రం సామాను సర్దే పని నాకప్పగించి ఆయన ఇంటికెళ్లాడు. చెంచాకు ఆయన వేసిన ముడి చూశాను. దారం కొసను దారం చుట్టూనే ఐదుసార్లు మెలిపెట్టి బిగించిన లావుపాటి ముడి. అంత ముడి ఉంటే చెంచా ఊగడం తగ్గుతుందని కాగితం మీద లెక్క కట్టి తేల్చాను. దాన్ని కోసేసి, పుస్తకాల కట్టకు వేసే చిన్న ముడి వేశాను. చక్కగా కనిపించింది.

మర్నాడు పొద్దున మామ, మరో నలుగురు జాలర్లు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. నేను తెడ్డు వేస్తున్నాను, అన్న గడ దగ్గర కూర్చున్నాడు. మూడో చుట్టులో గజ్జె ఘల్లుమంది. గడ విల్లులా వంగింది. అన్న లాగుతుంటే చేయంత పొడవు వాలుగ తెల్లటి పొట్ట చూపిస్తూ పొర్లింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. అంతలో దారం తేలికైపోయింది.

గట్టుకు వచ్చాక మామ దారం కొస చేతిలోకి తీసుకున్నాడు. అది పంది తోకలా మెలితిరిగి ఉంది.

"తెగలే, జారింది. ముడి ఎయ్యరాదు గని వల తాడు గావాల్నట!"

అందరూ నవ్వారు. అన్న ఆ కొసను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను వంగి తెడ్డుకంటిన బురద కడగసాగాను.

"అవు మామా, తప్పయింది" అన్నాడు.

తిరుగు దారిలో హబ్సిగూడలో టీ తాగడానికి ఆగాం. అక్కడ బయటపెట్టాను.

"ఎర్కనే సారూ. నా ముడి నాకు ఎర్కలేదా?"

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన నాకూ కలిపి ఇంకో టీ చెప్పాడు.

సోమవారం మెస్సు నుంచి ఇంకో చెంచా తెచ్చి, ఆయన దగ్గర కూర్చుని ఆ ఐదు మెలికల ముడి నేర్చుకున్నాను. బిగించేముందు దారాన్ని ఉమ్మితో తడపాలని కూడా అప్పుడే తెలిసింది. మంగళవారం ల్యాబు ఎగ్గొట్టి, ఒక్కణ్ణే బస్సెక్కి చెరువుకు వెళ్లాను. జాలర్లంతా వల బాగుచేసుకుంటున్నారు. వాళ్లందరి ముందూ చెప్పాను. "జారిన ముడి నాది. మీ అల్లుడు వేసింది ఇదీ" అని వేసి చూపించాను.

మామ దాన్ని కాలి బొటనవేలికి తగిలించి రెండు చేతులా లాగాడు. కదల్లేదు.

"మల్ల ఆడెందుకు ఒప్పుకున్నడు?"

"నా పరువు పోతుందని."

పెద్దాయన ముడిని బొటనవేలి నుంచి తీసి నా చేతిలో పెట్టాడు. "ఐతారం రమ్మను" అన్నాడు.

ఆ ఆదివారం నేను తెడ్డు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. పెండ్లికొడుకు నడకే నడిపాను. ఎండెక్కాక గజ్జె మోగింది. మొదటిదానికంటే చిన్న వాలుగే, కానీ ట్యూబుల మీదికి వచ్చి పడింది. మామ నడుం లోతు నీళ్లలోకి దిగొచ్చి, చేపను కాదు, అల్లుడి భుజం పట్టుకున్నాడు. "శుక్రారం వల దింపుతున్నం. తాడు కాడికి జల్ది రా" అన్నాడు.

అన్న నా వైపు తిరిగాడు. మొహమంతా నవ్వే. "సారూ, ఇంకో రెండు చుట్లు ఏద్దమా?"

అరచేతులు అప్పటికే బొబ్బలెక్కి ఉన్నాయి. వేశాను.