కట్టెల కుప్ప వెనక నల్లపెట్ట

మూడు వారాలుగా మోస్తున్న కోడి దొంగతనం నింద ఈ రోజు పోయిందండీ! పోయిన నిమిషంలోనే ఇంకోటి వచ్చి పడింది.

పక్కింటి సూరమ్మ వదిన నల్లపెట్ట కనబడకుండా పోయింది. మా వీధిలో ఎవరి కోడి మాయమైనా ముందు నా కూరగిన్నె మూతే తీసి చూస్తారు. నా పేరు అలాంటిది. "నా పెరట్లో దాని ఈకైనా దొరికితే సగం మీసం గొరిగేసుకుంటాను" అని పైడితల్లి అమ్మవారి మీద ఒట్టేశాను.

ఈ ఉదయం కోళ్లు పెంచేవాళ్లమంతా గోడ దగ్గర కబుర్లాడుకుంటున్నాం. ఇంతలో నా కట్టెల కుప్ప వెనక నుంచి నల్లపెట్ట దర్జాగా నడిచొచ్చింది. వెనకాల తొమ్మిది పిల్లలు! నేను గంతేశాను.

"సూడొదినా! నేను తిన్లేదు, అదే దొంగసాటుగా పొదిగీసింది!"

"తిన్లేదు, దాసినావు! ఏదిరా మరిదీ, మీసం?"

"పుంజు నాది, కట్టెలు నావి. పిల్లల్లో సగం నాకొస్తాది."

"నీ పుంజు ఒక్క పూటైనా పొదిగిందేటి? పిల్లలు కావాలా, మీసం కావాలా? ఒకటే సెప్పు."

అందరూ పగలబడి నవ్వారు. మీసమే కావాలన్నాను. వదిన పిల్లల్ని బుట్టకెత్తుకుని పోయింది.

ఇప్పుడే చూశాను. నల్లపెట్ట తొమ్మిది పిల్లల్నీ వెంటేసుకుని మళ్లీ నా కట్టెల వెనకే దూరింది! వదినకి ఫోన్ లేదు, ఇది చదవదు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నాను: మీరైతే ఆవిడకి చెబుతారా?