నాలుగో యాంటీబాడీ

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్‌లో, ఇబ్రహీంపట్నం శివార్లలోని ఒక పశువ్యాధుల పరిశోధనశాలకు నన్ను ప్రధాన శాస్త్రవేత్తగా బదిలీ చేశారు. గొర్రెలకు వచ్చే నీలినాలుక వ్యాధి వైరస్‌పై అక్కడ పని జరిగేది. ఆ వైరస్ తన జన్యుపదార్థానికి నకళ్లు తీయడానికి ఒక ఎంజైమును వాడుకుంటుంది. అందులో ఏ భాగం ఆ పని చేస్తుందో తేల్చడం మా లక్ష్యం.

ఇందుకు యాంటీబాడీలను వాడతాము. ఒక్కో యాంటీబాడీ ఎంజైములో ఒక్కో చోట మాత్రమే అతుక్కుంటుంది. అతుక్కున్నాక నకళ్లు ఆగిపోతే ఆ చోటు కీలకమని భావిస్తాము.

ఆ పని నా వద్ద పిహెచ్.డి. చేస్తున్న స్వరూపది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర గొర్రెల కాపరుల కుటుంబం ఆమెది. మొదటి మూడు యాంటీబాడీలు ఎంజైముకు అసలు అతుక్కోలేదు. ఫెలోషిప్ గడువు ముగియవస్తున్న దశలో నాలుగోది అతుక్కుంది. నకళ్లు పూర్తిగా ఆగిపోయాయి. పోలిక కోసం కంపెనీ నుంచి కొన్న, సంబంధంలేని యాంటీబాడీ దేనినీ ఆపలేదు.

"ఇగ థీసిస్ అయినట్టే సార్. మన్నెగూడల మిఠాయి తెస్త, షుగరున్నా తినాలె మీరు" అన్నది స్వరూప.

మేమే తయారుచేసుకునే యాంటీబాడీలను అమ్మోనియం సల్ఫేట్ అనే లవణంతో వేరుచేసి, పల్చని పొర సంచిలో పోసి, ఆ లవణం పోయేలా ద్రవంలో నానబెడతాము. కొన్నదానిలో ఈ లవణం ఉండదు. నకళ్లను ఆపింది మిగిలిపోయిన లవణమేమోనని నాకు అనుమానం వచ్చింది. కనుక సంచి బయట చివరిగా మిగిలిన ద్రవాన్ని, యాంటీబాడీ లేకుండా, ఎంజైములో కలిపి చూడమన్నాను.

"గింతంత ఉప్పుకే ఆగుతదా సార్? పప్పుల ఉప్పెక్కువైనట్టు చెప్తున్నరు" అని నవ్వింది.

ఆ ద్రవమే ఎంజైమును ఆపివేసింది. లవణం పూర్తిగా పోయాక యాంటీబాడీ యథాప్రకారం అతుక్కుంది; నకళ్లూ యథాప్రకారం తయారయ్యాయి.

ఆమె ఫెలోషిప్ గడువు పొడిగించాలన్న నా సిఫారసును కమిటీ తిరస్కరించింది. హాస్టల్ సామాను తీసుకుపోవడానికి వచ్చిన ఆమె తండ్రి, "రోగమొచ్చి గొర్లు వొయినయ్. బిడ్డ సదువన్న నిలవడ్తదనుకున్న సార్" అన్నాడు.

"ఊకో బాపు. సార్ ఏంజేస్తడు" అని స్వరూప ఆయనను వారించింది.

ఆ ఎంజైము ఏ భాగంతో పనిచేస్తుందో నా పదవీ విరమణ నాటికీ తేలలేదు. ఆమెకు పట్టా రాలేదు.

యాంటీబాడీతో పాటు, అది ఉన్న ద్రవాన్నీ మొదటి రోజే విడిగా పరీక్షించాలి. సరైన పరీక్ష ఆలస్యంగా జరిగినా శాస్త్రానికి సరిపోతుంది. విద్యార్థికి సరిపోదు.