వదిన మొక్కు, వాసన లేని కారు

మా ఆయన ఏ పెళ్ళిభోజనానికి కూర్చున్నా విస్తట్లో పప్పు పడేలోపే ఈ కథ ఎత్తుకుంటారు. "డీజిలు వాసన లేదు, ఇంజను అదురు లేదు. అందుకే మా అప్ప హాయిగా శ్రీముఖలింగం వెళ్ళొచ్చింది. మా అప్ప మొక్కు తీర్చింది ఆ కరెంటు కారే." వినేవాళ్ళు అవునవునంటారు. ఎదురు పంక్తిలో ఉంటే నేను మాత్రం అనను. కారు తీర్చిందా! మొదటి సోమవారం ఆ కారు చేసిన నిర్వాకం ఆయన నోట రాదు. ఆయన చెప్పే కథలో నేను లేను, మా వదిన సగమే ఉంది. మిగతా సగం నా దగ్గరుంది.

వదినంటే మా ఆయన అక్క, ఆయన నోట అప్ప. పెళ్ళి వద్దనుకుంది, బొబ్బిలిలోనే పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయింది, మాతోనే ఉంటుంది. మా ఆయన పాలుతాగే వయసులో జ్వరంతో కళ్ళు తేలేస్తే, అప్పటికి పరికిణీలు కట్టుకునే వదిన ముఖలింగేశ్వరుడికి మొక్కుకుందట. తమ్ముడు బతికితే, ఖాళీ కడుపుతో, శుద్ధమైన ఒంటితో నేనే తెచ్చి నీకు చూపిస్తానని. తమ్ముడు బతికాడు, పెరిగాడు, బట్టతల కూడా తెచ్చుకున్నాడు. మొక్కు అలాగే ఉండిపోయింది.

కారణం, వదినకి ఇంజను వాసన పడదు. రైల్లో ఎంత దూరమైనా పాటలు పాడుకుంటూ వెళ్తుంది గానీ, బస్సెక్కితే ఊరి పొలిమేర దాటకముందే డోకు. ఆ ఊరికేమో రైలు లేదు. దారిలో వాంతయితే ఒళ్ళు మైలపడినట్టేననీ, వెనక్కొచ్చి తలస్నానం చేసి మరో సోమవారం చూసుకోవాలనీ ఆవిడ నియమం. బస్సులోంచి వెనక్కొచ్చింది, జీపులోంచి వెనక్కొచ్చింది, మా పాత కార్లోంచి రెండు మూడుసార్లు వెనక్కొచ్చింది.

"ఇది ఏ శాస్త్రంలో ఉన్నాది వదినా?" అని అడిగాను ఒకసారి.

"నేను మొక్కుకున్నప్పుడు నా పక్కన శాస్త్రమేటీ లేదే. నేనూ ఆయనే ఉన్నాం" అంది, స్వామి పక్కింటాయన అయినట్టు.

మా ఆయన గరివిడి వైపు లారీలు తిప్పుతారు. మా పెరట్లో జాజులకి కూడా డీజిలు వాసనే. అలాంటి మనిషి పెద్ద కరెంటు కారు కొంటానంటే ఊరంతా హోదా కోసమన్నారు. కాదు. విశాఖ షోరూములో ఊరికే తిప్పి చూపిస్తామంటే వదిన ఎక్కింది. సముద్రం పక్కన కాసేపు మెల్లగా పోయాక ఆవిడ తల అద్దానికి ఆన్చుకుని నిద్రపోయింది. బండిలో నిద్రపోయిన వదినని మేమెప్పుడూ చూడలేదు. మా ఆయన వెనక్కి తిరిగి, పసిపిల్లని చూసినట్టు చూశారు. బేరం అక్కడే అయిపోయింది.

ఇక అలంకారాల సంగతి. బండి బుక్ చేసినరోజు షోరూములో అమ్మాయి ఒక పలక లాంటి తెర మా ముందు పెట్టి, వేలితో నెడుతూ ఒక్కోటీ చూపించింది. మా ఆయన కళ్ళు దసరా బొమ్మల ముందు పిల్లాడివైపోయాయి. తోలు సీటు కవర్లు కావాలి, మందపాటి రబ్బరు మ్యాట్లు కావాలి, అద్దం దగ్గర సంపెంగ సెంటు సీసా కావాలి, పైన సామాన్ల కమ్మీలు కావాలి.

"పైన ఏం కడతారు, ధాన్యం బస్తాలా?" అన్నాను. "వాసన లేదని కొంటూ, కొన్నవాటన్నిటికీ వాసన తగిలిస్తారా?"

"కొత్త తోలు వాసనకి కూడా ఎవరికైనా డోకొస్తాదేటి?"

"మీ అప్పని అడగండి."

వదిన అప్పటికే మ్యాటు ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, పాడైన చేప పట్టుకున్నట్టు దూరంగా జరుపుతోంది. చివరికి కవర్లు నూలువే వేయించాం. సెంటు సీసా నేను కొట్టేయించాను. మ్యాట్లు మాత్రం నా కన్నుగప్పి వచ్చేశాయి. వాటిని డాబా మీద ఎండలో పడేసి, అప్పడాలు తిరగేసినట్టు రోజూ తిరగేశాను. ఆయన ఏరినవాటిలో పనికొచ్చింది పక్కన బిగించిన మెట్టొక్కటే. వదిన పొట్టి.

చార్జరు దగ్గర మరో యుద్ధం. గోడకి బిగించే ఆ తెల్లపెట్టె పోర్టికోలో పెడితే సరిపోయేది. మా ఆయన ఒప్పుకోలేదు. కరెంటంటే నిప్పేనట, నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలట.

"ఇంట్లో ఫ్రిజ్జు ఈశాన్యంలో ఉన్నాది. అది నిప్పు కాదా, మంచుగడ్డా?" అన్నాను.

"దాన్తో దీనికి పోలికేటి? ఇది లారీని కూడా లాగేంత కరెంటు."

ఎలక్ట్రీషియను మా ఇద్దరి మధ్యా నిలబడి, "ఎక్కడంటే అక్కడ బిగిస్తానండి, ముందు మీరొకమాట మీదకి రండి" అన్నాడు. వదిన వచ్చి, "ఆగ్నేయంలోనే పెట్టు బాబూ, ఈళ్ళు ఈ జన్మలో ఒకమాట మీదకి రారు" అని తేల్చింది. ఆగ్నేయమంటే ఆవిడ గది కిటికీ పక్కనే. ఉప్పూ బొగ్గులూ పోసి ఎర్తింగు గొయ్యి తవ్వారు. గోతిలో దేన్నైనా ఉత్తినే పూడ్చడం మా ఇంట్లో లేదు గనక వదిన కాసిని పాలూ పసుపూ చల్లింది. తీరా చూస్తే కారుకి కరెంటెక్కే చోటు వెనకవైపుంది, తీగ అందదు. అప్పట్నుంచి మా ఆయన రోజూ కారుని వెనక్కి నడిపిస్తూ, గేదెని కొట్టంలోకి తోలినట్టు "హై, హై" అంటూ లోపల పెడతారు.

ఇంత చేసి, మొదటి సోమవారం బయల్దేరాం. ఆయనే నడిపారు. ఆ బండ్లలో కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే బండి పట్టేస్తుంది. ఆ పట్టులోంచి బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగొస్తుంది. ఆయన దాన్ని ఉన్నంత గట్టిగా పెట్టుకుని, "సూసేవా, మళ్ళీ కరెంటొచ్చింది! సూసేవా!" అని మురిసిపోతూ, కాలు తీస్తూ వేస్తూ పోయారు. వాసన లేదు, చప్పుడు లేదు. ఊపు ఆగని ఊయల్లో ఉన్నట్టు ముందుకీ వెనక్కీ మేం మాత్రం. రాజాం రాకముందే వదిన తలుపు మీద కొట్టింది. రోడ్డు పక్కన వంగి, లేచి, నోరు తుడుచుకుని, "తిప్పరా" అంది. అంతే. ఇంటిదాకా ఎవరూ మాట్లాడలేదు. పాత బండిలో అయితే ఇంజనైనా మోగేది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ కారు వంక చూడలేదు. డాబా మీద సోలారు పలకలున్నాయి గనక మేం మధ్యాహ్నాలే చార్జింగు పెడతాం. ఒకరోజు అన్నాలయ్యాక చూస్తే వదిన గదిలో లేదు. ఆగ్నేయంలో తీగ తగిలించుకుని నిలబడ్డ కారులో, ముందు సీటులో కూర్చుని ఉంది, ఏసీ వేసుకుని, చెప్పులు మెట్టు మీద విడిచి. నేనూ వెళ్ళి స్టీరింగు వెనక కూర్చున్నాను.

"గోడ గురక పెడతన్నాది" అంది.

నిజమే. పెట్టెలోంచి సన్నటి రొద. దాని పచ్చదీపం మెల్లగా వెలుగుతూ తగ్గుతూ, నిద్రలో ఉన్నవాళ్ళ గుండెలా. అద్దాల బయట ఎండ తెల్లగా, దూరంగా, వేరే ఊరిదిలా ఉంది.

"తోలవే" అంది కళ్ళు మూసుకుని.

"ఏటి తోలడం? బండి గోడకి కట్టేసి ఉన్నాది."

"నోటితో తోలు. అందుకు నీకు లోటేటి?"

తోలాను. రాజాం దాటించాను. గోగు కట్టలు నానేసిన గుంటల పక్కనించి తీసుకెళ్ళాను, ఆ కుళ్ళు వాసన వద్దంటే గాలి అటు తిప్పాను. నాగావళి వంతెన మీద ఆపి నీళ్ళు చూపించాను. పాలకొండ దగ్గర కొండలు నీలంగా దగ్గరికొచ్చాయి. ఆ మధ్యాహ్నాలు నాకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలీదు. ఒక్కోసారి నేనే నిద్రపోయేదాన్ని, కారు వదిన నడిపేది. లేచేసరికి "హిరమండలం వచ్చేశాం, నువ్వు గురక పెట్టేవు" అనేది. ఒకరోజు మాత్రం పాలకొండ దాటగానే మొహం పాలిపోయి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"వదినా! కదల్లేదు బండి!"

"కదలకపోతే మాత్రం? తోలతన్నది నువ్వు గదే."

నవ్వాం గానీ, ఆ మాట నాకు పట్టుకుంది. మర్నాటినించి పొద్దున్నే ఊరి బయటికి నిజంగానే తీసుకెళ్ళాను. కాలు తీస్తే బండిని పట్టేసే ఆ పట్టు అంతా తగ్గించి పెట్టాను. వదిన కళ్ళు మూసుకుని కూర్చుని, ఒంటికి కుదుపు తెలిసినప్పుడల్లా వేలెత్తేది, క్లాసులో తప్పు లెక్క పట్టుకున్నట్టు. కాలు ఎంత మెల్లగా తియ్యాలో ఆ వేలే నాకు నేర్పింది. కరెంటు తిరిగి రావడం లేదని మా ఆయన గొణిగారు. రాకపోనీ అన్నాను. వేలు లేవకుండా ఊరికి తిరిగొచ్చిన రోజున, "ఈ సోమవారం" అంది వదిన.

ఆయన్ని వెనక సీటులో కూర్చోబెట్టి, నోరు మెదపొద్దని చెప్పి బయల్దేరాను. అప్పుడు కూడా కలలోనే నడుపుతున్నట్టుంది. అన్నీ నేను ముందే చెప్పిన చోట్లే ఉన్నాయి, గోగు గుంటలూ, వంతెనా, కొండలూ. పాలకొండ దాటాక వదిన నెమ్మదిగా అంది, "ఆపవే. కొండ సూస్తాను."

కొండ ఎడమపక్కనుంది. ఆవిడ నీళ్ళసీసా తీసుకుని కుడిపక్క జీడితోటలోకి వెళ్ళింది.

"ఏటయింది?" అంటూ మా ఆయన తలుపు తీయబోయారు. "కూర్చోండి" అన్నాను. ఆకుల వెనక ఆవిడ చీర రంగు కాస్త కనబడి, వంగి, పోయింది. తిరిగొచ్చేసరికి మొహం తడిగా ఉంది, కొంగు తడిగా ఉంది, సీసా ఖాళీ.

"ఏటి వదినా?"

"ఏటుంటాది? ఎండ. పద, గుడి మూసేస్తారు."

నా చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. వెనక్కి తిప్పమంటుందని చూశాను. అనలేదు. ముందుకే చూస్తోంది. పోనిచ్చాను.

గుడిలో ఆవిడ తమ్ముడి మణికట్టు పట్టుకుని, రైలు పెట్టెలోకి పిల్లాణ్ణి ఎక్కించినట్టు గర్భగుడి వైపు నెట్టింది. "ఇదిగో, తెచ్చాను" అంది, అంతే. ఆయన ఏడ్చారు. నేను దేవుణ్ణి సరిగా చూడలేదు, వదిననే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ మొహంలో బెదురు లేదు, తప్పు చేసిన జాడ లేదు. తిరుగుదారిలో పులిహోర తిని, అద్దానికి తల ఆన్చుకుని నిద్రపోయింది.

తర్వాత చాలాసార్లు అడిగాను. బియ్యంలో రాళ్ళేరుతూ అడిగాను, జడేస్తూ అడిగాను, చార్జింగు పెట్టిన కార్లో పక్కన కూర్చుని అడిగాను. "కొండ బాగున్నాది కదే" అంటుంది. నియమం గట్టిగా పట్టుకుని ఇన్నేళ్ళు వెనక్కి తిరిగిన మనిషి ఆవిడ. అందుకే నాకు జవాబు కావాలి. పెళ్ళిళ్ళలో కథ ఆయన్నే చెప్పుకోమను, కారుకే దండ వెయ్యమను, నాకు పట్టింపు లేదు. ఒక్కటే చెప్పు వదినా, ఆ జీడితోటలో సీసాడు నీళ్ళూ మొహం కడుక్కోడానికేనా, నోరు కడుక్కోడానికా?