మొత్తం విన్నాకే పుస్తకం

గుడియాత్తం బజారులో చెంగల్రాయుడి అంగట్లో పుస్తకం బాడుగకు తెచ్చుకోవడం మనిషన్నవాడి వల్ల కాదు. కథ మొత్తం చెప్పనిదే ఆయన పుస్తకం చేతికియ్యడు. మొత్తం విన్నాక ఇంక పుస్తకంతో పనేముంది?

అవి మామూలు కథలా? గ్రహాలకు ఎగిరిపోయే ఓడలు, కాలంలో వెనక్కి నడిచే బండ్లు! మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన ఏడు బజారంతా "మనం ఈపక్కా, ఆపక్కా?" అని కొట్టుకుంటా ఉంటే, "చంద్రుడి మీంచి చూస్తే ఆ గీత యాడ కనిపిస్తాదో చూపించండప్పా!" అన్నాడాయన. కొట్లాడేవాళ్లు కొట్లాట మరిచి పైకి చూసినారు.

మగ్గం నేసే కృష్ణమ్మ ప్రతి శుక్రవారం నేసిన లుంగీలు షావుకారికి అప్పగించి, నేరుగా ఆ అంగడికే వచ్చేది.

"అంగారకుడికి ఇద్దరు చందమామలమ్మా!"

"అయితే అమావాస్య ఎట్లన్నా?"

చెంగల్రాయుడు రెండు వేళ్లు దగ్గరికి చేర్చి, "ఇద్దరూ ఒప్పుకోవల్ల" అన్నాడు.

ఆ రోజు ఆమె ఆకాశాన్నే చూసుకుంటా నడిచి రెండు ఎద్దుబండ్లను గుద్దుకునింది. అంగారకుడి పుస్తకం మాత్రం కొంగులో భద్రం. వారం ఉంచుకొని తిరిగిచ్చే పద్ధతి. తనకు చదవను రాదన్న సంగతి మాత్రం ఎవురికీ చెప్పలేదు.

మరుసటి శుక్రవారం ఆమె పుస్తకం తెచ్చేసరికి, వేలూరు నుంచి వచ్చిన గుమాస్తా జయరామన్ అదే కావాలని కూర్చోనున్నాడు. చెంగల్రాయుడు చెప్తా ఉండే కథలో ఓడ ఇంకా నేల వదల్లేదు. జయరామన్ బస్సుకు టైమయింది.

"సీక్రం, తొందరగా ఇయ్యవయ్యా! కథలు చదువురానోళ్లకు చెప్పుకో." కృష్ణమ్మ వైపు తిరిగి, "ఏమమ్మా, నీకు చదవనొస్తాదా? ఏదీ, ఒక వరుస చదువు" అన్నాడు.

కృష్ణమ్మ పుస్తకాన్ని చెంగల్రాయుడి ముందర పెట్టేసింది. అంగట్లో అందరూ ఆమెనే చూస్తా ఉండారు.

"ఆమె ఎప్పుడో ముగించేసింది" అన్నాడు చెంగల్రాయుడు. "మీరే వెనకబడినారు సార్, తీసుకుపోండి." అంగడి పెట్టినాక మొదటిసారి, కథ మధ్యలో ఆపి పుస్తకం ఇచ్చేసినాడు!

అందరూ పోయినాక కృష్ణమ్మ మెల్లిగా అడిగింది. "అన్నా, నాకు రాదని నీకు తెలుసా?"

"మొదటి దినమే. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటివి."

"మరి చదవను వచ్చినోళ్లకు గూడా కథ ఎందుకు చెప్తావు?"

"రానోళ్లకే చెప్తే, ఎవురికి రాదో ఊరంతా తెలిసిపోదా తల్లీ?" అని, కొంచెం సిగ్గుపడి, "చెప్పకుంటే నాకు కడుపుబ్బుతాది, అదీ ఉండాది లే" అన్నాడు.

తరవాతి వారం జయరామన్ ఉరుక్కుంటా వచ్చినాడు. "ఏమయ్యా, చివర పది పేజీలు లేవే! ఓడ తిరిగొచ్చిందా లేదా?"

చెంగల్రాయుడు నోరు తెరిచి, మళ్లీ మూసుకొని, తన ముక్కాలిపీట కృష్ణమ్మ వైపు జరిపినాడు.

ఆమె కొంగు సర్దుకొని కూర్చునింది. "కూచోండి సార్. మొదట్నుంచి చెప్తా."

"మొదలు చదివినానమ్మా! నా బస్సు..."

"మొత్తం వింటేనే చివర."

బస్సు పోయింది.