చుక్క పెట్టిన అంకెలు

మా బావను వీధిలో అందరూ టేపు మాస్టారంటారు. స్నానానికి వెళ్ళేటప్పుడు తప్ప మెడలోంచి టేపు తీయడు. ముప్పై ఏళ్ళుగా కొలతలు ఆయన తీస్తాడు, పక్కన స్టూలు మీద కూర్చుని మా అక్క పుస్తకంలో రాస్తుంది, వెనకాల బల్ల దగ్గర నేను ఇస్త్రీ చేస్తాను. నా నోరు ఇస్త్రీపెట్టె కంటే వేడి అని అక్క తిడుతుంది. నేనేమో దాన్ని మెప్పు కింద జమ కట్టుకునేవాణ్ణి.

దుకాణంలో మాకొక పద్ధతి ఉంది. పొట్ట ఉన్న పెద్దమనిషికి నలుగురి ముందూ నడుము కొలత ఉన్నదున్నట్టు చెబితే ముఖం మాడిపోతుంది. అందుకని బావ చిన్నగా దగ్గి, రెండంగుళాలు తగ్గించి చెబుతాడు. దగ్గు వినబడగానే అక్క ఆ అంకె పక్కన చుక్క పెడుతుంది. గుడ్డ కత్తిరించేటప్పుడు చుక్క కనబడితే రెండు కలుపుకోవాలి. ఎవరి చుక్క సంగతీ అక్క ఈనాటి వరకు పైకి అనలేదు.

అలాంటి బావకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు పొట్ట పక్కనుంచి ఒక సన్నని గొట్టం, దాని చివర గుప్పిట్లో పట్టేంత ప్లాస్టిక్ బుడ్డి వేలాడుతున్నాయి. లోపల ఊరే నెత్తుటి నీరు అందులోకి దిగుతుంది. పొద్దునా సాయంత్రం మూత తీసి, గీతలున్న కప్పులోకి వంచి, ఎంతొచ్చిందో రాసుకోవాలి. తర్వాత బుడ్డిని గట్టిగా నొక్కి, గాలి పోయాక అలాగే నొక్కిపట్టి మూత పెట్టాలి.

"రోజంతా కలిపి ముప్పై మిల్లీలీటర్ల లోపుకి దిగాలి. అలా రెండు రోజులుంటే తీసేస్తాం. తొందరపడి తీస్తే నీరు లోపలే నిలిచి మళ్ళీ కోయాల్సొస్తుంది" అని నర్సమ్మ రెండుసార్లు చెప్పింది.

బావ చొక్కా లోపల దొంగజేబు కుట్టుకుని బుడ్డిని అందులో దాచాడు. కప్పు పట్టుకుని స్నానాలగదిలో దూరి, గడియ పెట్టుకుని, లోపల్నుంచే అంకె చెప్పేవాడు. అక్క తలుపవతల నిలబడి రాసుకునేది.

"తలుపు తియ్యండి, నేను వంచుతాను."

"వద్దు. నువ్వు చూడొద్దు."

ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి అన్న మాట అది! నాకు నవ్వొచ్చింది.

నాలుగో రోజు ఇంట్లో ఉండలేక మధ్యాహ్నం దుకాణానికి వచ్చాడు. హెడ్మాస్టరుగారి చొక్కాకి చేతుల పొడవు చూస్తుంటే దొంగజేబు ఉబ్బుగా కనబడింది. నా నాలుక ఊరుకోలేదు.

"ఏం బావా, షర్బత్ బుడ్డి జేబులో దాచుకుని తిరుగుతున్నావు? మాకూ ఓ గుక్క పొయ్యరాదూ!"

హెడ్మాస్టరు పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వాడు. కొలత సగంలో ఆపి లోపలికి వెళ్ళాడు, మళ్ళీ బయటికి రాలేదు. మిగతా కొలతలు అక్క తీసింది.

ఎనిమిదో రోజు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. అక్క రాసుకొచ్చిన పుస్తకం చూసి నర్సమ్మ సంబరపడింది.

"నిన్నా మొన్నా పాతికేగా! పడుకోండి, తీసేద్దాం."

బావ చెప్పులు విడిచి గబగబా మంచమెక్కాడు. నర్సమ్మ కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్ళీ పుస్తకం వంక చూసింది.

"ఈ చుక్కలేంటమ్మా?"

అక్క బావ ముఖంలోకి చూస్తూ నిలబడింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. గోడవైపు తిరిగాడు.

"అవి నేను తగ్గించి చెప్పినవమ్మా. అలవాటు కొద్దీ దగ్గుంటాను, ఈవిడ చుక్క పెట్టేసింది."

"ఎంత తగ్గించారు?"

"సగానికి సగం."

నర్సమ్మ కత్తెర ట్రేలో పడేసి బుడ్డి వంచి చూసింది. పొద్దుటి నుంచే ఇరవై ఊరింది.

"కొలతలు తీసి బతికే మనిషి చేసే పనేనా ఇది? మళ్ళీ కోయించుకుందామనా?"

"సిగ్గేసిందమ్మా. దీన్ని తగిలించుకుని నలుగురిలో తిరగలేకపోయాను. ఎలాగోలా వదిలితే చాలనిపించింది."

ఎవరు నవ్వారో, ఎవరు నవ్వించారో చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

బావను ఆటపట్టించడానికి నా నోట్లో ఓ మాట సిద్ధంగానే ఉంది. అది అనబోతూ పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. మొదటి మూడు రోజులకీ చుక్క లేదు. నాలుగో రోజు పొద్దున ముప్పైఅయిదు, దానికీ లేదు. సాయంత్రం పదిహేను, పక్కనే చుక్క.

ఆ మధ్యాహ్నమే నేను షర్బత్ అడిగాను.