బురదలో నున్నటి దారి

ఈ ఉదయం హ్యూస్టన్ శివార్లలో, పార్కు చెరువు పక్కన నడుస్తుంటే నానిన గడ్డీ బురదా కలిసిన వాసన వచ్చింది. వెంటనే మా మట్టి వినాయకుడు గుర్తొచ్చాడు.

అప్పుడు నాకు ఏడేళ్లు, ఇక్కడే హ్యూస్టన్‌లో ఉండేవాళ్లం. నిమజ్జనానికి జనం లేని చోటు కావాలని డాడీ ఊరవతల ఓ చెరువు వెతికారు. గట్టు మీద గడ్డి అణిగిపోయి, నున్నటి బురద దారి ఒకటి నీళ్లలోకి జారుతూ కనిపించింది.

"చూశావా, దిగడానికి రేవు కూడా ఉంది! ఎవరో కయాక్ పడవ లాగినట్టున్నారు," అన్నారు డాడీ, వినాయకుణ్ణి ఎత్తుకుని.

అమ్మ కదల్లేదు. "కయాక్ అయితే షూ గుర్తులుండాలి కదండీ? ఇవి గోళ్లు. మధ్యలో ఆ గీత తోకది. ఇది అలిగేటర్ దిగే దారి."

నీళ్లలో రెండు బుడిపెలు చప్పుడు లేకుండా మునిగాయి.

డాడీ వినాయకుణ్ణి ముందుకు పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ కారు దాకా వచ్చారు. ఆ సాయంత్రం వినాయకుడు మా గరాజ్‌లో, బకెట్ నీళ్లలో కరిగాడు. డాడీ మొసలికి భయపడి దేవుడి వెనక దాక్కున్నారని స్కూల్లో అందరికీ గొప్పగా చెప్పాను.

ఇవాళ గట్టు మీద అచ్చం అలాంటి దారే కనిపించింది. అటు పరిగెత్తబోయిన నా కూతుర్ని ఆపి, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచాను.

"అమ్మా, స్కేర్డ్ అయ్యావా?" అని నవ్వింది, వెనక నుంచి నా కుర్తా పట్టుకుని.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. డాడీ చొక్కా పట్టుకుని, ఆయన వెనక.